ఒకే బిడ్డ, రెండు ఛాయాచిత్రాలు: భోపాల్ ఫోటోలలో మీ కన్ను ఎక్కడ ఆగింది?

చీకటిగది:
సభ్యులందరికీ నమస్కారం. నేను కృష్ణా జిల్లాలో ముప్పై రెండేళ్ళు స్టూడియో నడిపాను. 2006లో డార్క్‌రూమ్ మూసేసినప్పుడు, నెగటివ్ నుంచి ఫోటోను పెద్దది చేసే ఎన్‌లార్జరును పాత ఇనుము కింద అమ్మడానికి మనసొప్పక అటక మీదికి ఎక్కించాను. ఆ డార్క్‌రూమ్ తలుపుకు లోపలి వైపున, ఎర్రబల్బు వెలుగు పడే చోట, ఒక పత్రికలోంచి కత్తిరించిన నలుపు తెలుపు ఫోటో ఏళ్ళ తరబడి అంటించి ఉండేది. 1984 డిసెంబరులో భోపాల్‌లో రఘు రాయ్ తీసిన ఫోటో అది. రాళ్ళూ మట్టీ మధ్య సగం పూడుకుపోయిన పసిబిడ్డ ముఖం, తెరిచే ఉన్న కళ్ళు, నుదుటి దగ్గర ఒక మగమనిషి చెయ్యి. చూడనివారు మనలో తక్కువమందే ఉంటారు.

పోయిన వారం మా తమ్ముడి మనవడు తన సెల్‌ఫోనులో అదే ఫోటోను రంగుల్లో చూపించాడు. ఎవరో కంప్యూటర్‌లో రంగులద్దారని కోప్పడ్డాను. తీరా చూస్తే అది వేరే ఫోటో. అదే గోతి దగ్గర, అదే బిడ్డను పాబ్లో బార్తలోమ్యూ రంగుల ఫిల్ము మీద తీశారు, 1984 సంవత్సరానికి వరల్డ్ ప్రెస్ ఫోటో అత్యున్నత పురస్కారం వచ్చింది ఆ రంగుల ఫోటోకే. డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ ఊరి మీదికి కమ్మిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ బిడ్డ ఎవరన్నది మాత్రం నేటికీ తెలియదు. మావాడేనని ఏ తల్లీ తండ్రీ ముందుకు రాలేదు.

నా సందేహం ఇది. నలుపు తెలుపు ఫోటో ముందు నా గొంతు పూడుకుపోతుంది. రంగుల ఫోటో చూస్తే కడుపులో తిప్పినట్టయి, కళ్ళు పక్కకు తిప్పుకున్నానే గాని దుఃఖం రాలేదు. ఈ తేడా ఫోటోల్లో ఉందా, జీవితమంతా బ్రోమైడ్ పేపరు కడిగిన నా చేతుల అలవాటులో ఉందా? ఏది గొప్పదని ఓట్లు వేయవద్దని మనవి. మీ చూపు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందని మీరనుకుంటున్నారో రాయండి.

రంగులరాట్నం:
చీకటిగది గారూ, నేను హైదరాబాదులో లలితకళల విద్యార్థిని. నా అనుభవం మీ అనుభవానికి పూర్తిగా తలకిందులు. నలుపు తెలుపు ఫోటో చూడగానే నాకు అది చరిత్ర పుస్తకంలోని పుటలా, ఎప్పుడో జరిగిపోయి తీర్పు కూడా వచ్చేసిన సంగతిలా అనిపించింది. రంగుల ఫోటోలో ఉన్నది మా ఊళ్ళో ఇంటి పునాదికి తవ్విపోసిన మట్టి రంగే, ఆ బిడ్డ చర్మానిదీ మా అక్క కొడుకు చర్మపు రంగే. కళ్ళు పక్కకు తిప్పుకున్నానని మీరే అన్నారు. నా దృష్టిలో అది ఆ ఫోటో గెలిచిందనడానికి గుర్తు.

నలుపు తెలుపు అంటే చాలు, కళ అనుకునే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. పెళ్ళి ఆల్బంలో కూడా గంభీరంగా కనిపించాలంటే రెండు పేజీలు రంగు తీసేయిస్తున్నారు. జైపూరులో పుట్టి, 1999లో కన్నుమూసిన రఘుబీర్ సింగ్ జీవితాంతం రంగుల్లోనే ఫోటోలు తీశారు. నలుపు తెలుపుల వెనుక ఉన్నది పాశ్చాత్యుల అపరాధ భావన, ఒంటరితనమనీ, భారతీయుడి చూపు మాత్రం రంగులతో కలిసే పుట్టిందనీ ఆయన వాదించారు. ఆయన మాటతో నేను నూటికి నూరుపాళ్ళూ ఏకీభవించను, ఎందుకంటే మన తాతల ఇళ్ళలో గోడ మీద ఉన్నవన్నీ నలుపు తెలుపు ఫోటోలే, వాటిని పరాయివని ఎవరూ అనుకోలేదు. అయినా శోకానికి రంగు పనికిరాదని ముందే తీర్మానించుకుని కూర్చోవడం మాత్రం అభిరుచి కాదనీ, అలవాటనీ నా అభిప్రాయం.

పాతడెస్కు:
మీరిద్దరూ ఫోటోలను ఫోటోలుగా చూస్తున్నారు. నేను దినపత్రిక డెస్కు మీద ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసినవాడిని కాబట్టి ఫోటోను నేను చూసేది పేజీలో ఎన్ని కాలమ్‌ల చోటు ఆక్రమిస్తుందన్న లెక్కతో. 1984లో తెలుగు దినపత్రికలు అచ్చయ్యేది నల్ల సిరాతోనే. రంగుల ఫోటో వచ్చినా పాఠకుడికి చేరేది నలుపు తెలుపుల చుక్కల బొమ్మగానే. కాబట్టి నా తరం వాళ్ళు నలుపు తెలుపును కోరి ఎంచుకున్నారనడం పూర్తిగా సరికాదు. మాకు దొరికింది అదే.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. గట్ల మీద, తుమ్మచెట్ల మీద శవాలు తేలిన ఫోటోలు కట్టలుగా డెస్కుకు వచ్చాయి. మా పెద్దాయన ఒక నియమం పెట్టారు. పొద్దున్నే ఇడ్లీ తింటూ పేపరు విప్పే మనిషి ముందు శవం ముఖం పెట్టకూడదు, వీపో కాళ్ళో కనిపిస్తే చాలు, మిగిలింది అతను ఊహించుకుంటాడు అనేవారు. అప్పట్లో అది సభ్యత అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కొంత సభ్యత, కొంత చందాదారుడు జారిపోతాడన్న భయం ఉన్నాయనిపిస్తోంది. భోపాల్ ఫోటో వచ్చినప్పుడు ఆ నియమాన్ని పక్కన పెట్టారు. ఎందుకు పెట్టారని అడిగితే, ఈ బిడ్డ నిద్రపోతున్నట్టు లేదయ్యా, మనల్నే చూస్తోంది, ఈ ముఖాన్ని దాస్తే వార్తనే దాచినట్టు అన్నారు.

రంగులరాట్నం గారు అలవాటు అన్నదాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే అలవాటు ఒక్క చూసేవాడిది కాదు, వేసేవాడిది కూడా. ఏది మీ కంటి దాకా రావాలో ముందే ఎవరో నిర్ణయిస్తారు, ఆ మిగిలినదాంట్లోనే మన అభిరుచులు పెరుగుతాయి.

రసపిపాసి:
చీకటిగది గారి ప్రశ్నకు మన అలంకారికులు వెయ్యేళ్ళ కిందటే దగ్గరగా వచ్చారని నాకు తోస్తోంది. శోకం వేరు, కరుణరసం వేరు. శోకం లౌకికమైన భావం. మన ఇంట్లో మనిషి పోతే కలిగేది శోకం, దాన్ని ఎవరూ మళ్ళీ కోరుకోరు. కరుణరసం సహృదయుడికి కళ ద్వారా కలిగేది, అందులో కన్నీళ్ళు ఉన్నా ఒక ఆస్వాదన కూడా ఉంటుంది. లేకపోతే హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసి వెక్కివెక్కి ఏడ్చినవాళ్ళు మరుసటి ఏడాది జాతరలో అదే సీను కోసం తెల్లవారుజాము దాకా ఎందుకు మేలుకుంటారు?

శోకం రసంగా మారడానికి మధ్యలో ఒక దూరం కావాలి. ఇది నాది, ఇది పరాయివాడిది అన్న లెక్క కాసేపు సడలిపోవాలి. దానినే సాధారణీకరణం అన్నారు. నా ఊహ ఏమిటంటే, నలుపు తెలుపు ఫోటో ఆ దూరాన్ని తనంతట తానే కల్పిస్తుంది. లోకం మనకు నలుపు తెలుపుల్లో కనిపించదు గనుక, చూడగానే ఇది లోకం కాదు, లోకాన్ని గురించి ఒకరు చెప్పిన మాట అని మనసుకు తెలిసిపోతుంది. అప్పుడు ఆ బిడ్డ ఫలానా బిడ్డగా కాక బిడ్డ అన్న భావంగా నిలుస్తుంది. రంగుల ఫోటోలో ఆ తెర లేదు. అందుకే చీకటిగది గారు శోకం దగ్గరే ఆగి, దాన్ని భరించలేక ముఖం తిప్పుకున్నారు. రంగులరాట్నం గారు గెలుపు అన్నది కూడా శోకపు గెలుపే తప్ప కళ గెలుపు కాదు. డాక్యుమెంటరీ ఫోటోలో రసం కావాలనేవారికీ, లౌకిక భావమే కావాలనేవారికీ మధ్య ఉన్న తేడానే మనం అభిరుచి భేదమని పిలుస్తున్నామేమో.

సాగరతీరం:
రసపిపాసి గారూ, మీరు రాసినది చదువుతున్నంత సేపూ బాగుంది. చదివి లేచాక మాత్రం ఒప్పుకోలేకపోయాను. కారణం చెబుతాను.

మాది విశాఖపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వైపు స్టైరీన్ వాయువు వెలువడినప్పుడు మా పిన్ని ఇల్లు ఆ గాలికి అందేంత దూరంలోనే ఉంది. ఆవిడ తలుపు తీసుకుని పరుగెత్తి, రోడ్డు మీద పడిపోయింది. బతికింది. ఆ దుర్ఘటనలో పన్నెండుమంది పోయారు. ఆవిడ పడిపోయి ఉండగా ఎవరో తీసిన వీడియో ఒక టీవీ చానెల్లో సాయంత్రం దాకా తిరిగింది. చీర మోకాళ్ళ పైకి ఉంది, నోటి నుంచి నురగ ఉంది. దాని కింద విషాద రాగంలో వేణువు వాయించారు. ఆ వేణువు ఎందుకు పెట్టారో నాకు మీ టపా చదివాక అర్థమైంది. అది దూరం కల్పించడానికి, చూసేవాళ్ళు శోకం దాటి రసంలోకి వెళ్ళడానికి. కానీ మా పిన్నికి ఆ వసతి లేదు. ఈ రోజుకీ ఆవిడ ముందు ఎవరైనా సెల్‌ఫోను ఎత్తి ఫోటో తీస్తే కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోతుంది. ఫోటోలో ఉన్న మనిషికి సాధారణీకరణం జరగదండీ.

ఇక అసలు ప్రశ్న. ఆ రెండు ఫోటోలనూ నేను ఈ చర్చ కోసమే చాలాకాలం తర్వాత వెతికి చూశాను. రంగుల ఫోటో మీద నా చూపు రెండు క్షణాలు కూడా నిలవలేదు. నలుపు తెలుపు ఫోటోను మాత్రం చూడగలిగాను. అందుకు కారణం నలుపూ కాదు, తెలుపూ కాదు. ఆ చెయ్యి. నా చూపు కళ్ళ మీద కాక ఆ వేళ్ళ మీద ఆగింది. ఆ వేళ్ళు మట్టి వేస్తున్నట్టు లేవు, నిమురుతున్నట్టు ఉన్నాయి. ఆ బిడ్డతో ఒక మనిషి ఉన్నాడు. మా పిన్ని వీడియోలో ఎవరూ లేరు, తీస్తున్నవాడు తప్ప.

చీకటిగది:
అమ్మా సాగరతీరం, మీరు రాసింది చదివి రాత్రి మళ్ళీ ఆ ఫోటో తీసి కూర్చున్నాను. నిజం ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళలో ఆ చేతిని నేను చెయ్యిగా చూడలేదు. పని చేసేవాడి కళ్ళతో చూశాను. ముదురు మట్టిలో ఒక లేత భాగం, చూపును ముఖం వైపు నడిపించే వాలు, ప్రింటు వేసేటప్పుడు అట్టముక్క అడ్డం పెట్టి ఎంత సేపు వెలుగు ఆపాలి, చుట్టూ మట్టి ముదరడానికి ఇంకెంత సేపు వెలుగు పడనివ్వాలి, ఇవే లెక్కలు. మా గురువు ప్రింటు చూపించి, నీ కన్ను మొదట ఎక్కడికి పోయిందిరా అని అడిగేవారు. మనసు ఎక్కడికి పోయిందని ఏనాడూ అడగలేదు.

నా గొంతు పూడుకుపోవడానికి కారణం ఆ చెయ్యేనని ఇప్పుడు అంటే, మీ మాట విన్నాక అంటున్నట్టు అవుతుంది. కాబట్టి అనను. కానీ రంగు సంగతి నేననుకున్నంత పెద్దది కాదేమోనన్న అనుమానం మాత్రం మొదలైంది.

రంగులరాట్నం:
సాగరతీరం అక్కా, మీ పిన్నిగారి సంగతి చదివాక వాదన చేయాలంటే సంకోచంగా ఉంది. అయినా ఒక్కమాట. ఆ చెయ్యి నిమురుతోందని మనకు తెలిసింది ఫోటో నుంచేనా? పూడ్చడం మొదలుపెట్టిన మనిషి ఆఖరిసారి చూసుకోవడానికి ముఖం మీది మట్టిని తొలగించాడని రఘు రాయ్ తర్వాత చెప్పగా చాలాచోట్ల వచ్చింది. ఆ కథ తెలిసినవాడికి చెయ్యి నిమురుతుంది. తెలియనివాడికి అదే చెయ్యి మట్టి కప్పుతుంది. ఫోటో ఒక క్షణం మాత్రమే కాబట్టి ఆ చెయ్యి వస్తోందో పోతోందో అందులో ఉండదు. మన ఉద్వేగంలో సగం ఫోటోది కాక కింద రాసిన వాక్యానిది అయితే, రెండు ఫోటోల్లో ఏది కదిలించిందన్న ప్రశ్నకు ముందు, ఏ ఫోటో గురించి మనం ఎక్కువ కథలు విన్నామో లెక్క చూడాలి. రఘు రాయ్ అప్పుడు ఇండియా టుడేలో పనిచేస్తూ భోపాల్ వెళ్ళారు. 2000 తర్వాత పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ తరఫున మళ్ళీ వెళ్ళి, బాధితుల పరిస్థితిని చిత్రించి ఎన్నో చోట్ల ప్రదర్శించారు. ఉద్యమకారుల పోస్టర్ల మీద ఏళ్ళ తరబడి ఆ నలుపు తెలుపు ముఖమే ఉంది. మనం దాన్ని ఒంటరిగా ఎన్నడూ చూడలేదు.

అట్లాంటా పెద్దమ్మ:
వయసు కారణంగా ఆలస్యంగా వస్తున్నాను, మన్నించాలి. రంగులరాట్నం రాసిన కథ సంగతికి నాకు తెలిసిన ఒక ఉదాహరణ చేర్చాలనిపించింది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీలు కోసే కూలీల శిబిరంలో ఒక తల్లిని, ఆమె భుజాల మీద ముఖాలు దాచుకున్న పిల్లలను తీసిన ఫోటో జగత్ప్రసిద్ధం. వలస తల్లి అని అందరూ పిలిచే ఆమెకు పేరు లేదని నలభై ఏళ్ళు లోకం అనుకుంది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ, అమెరికా ఆదివాసులైన చెరొకీ తెగకు చెందిన స్త్రీ అనీ 1978లో బయటపడింది. ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదనీ, దాని వల్ల తనకు ఒక్క పైసా రాలేదనీ ఆమె అన్నది. సాగరతీరం వాళ్ళ పిన్నిగారి మాట చదివినప్పుడు నాకు ఆమే గుర్తొచ్చింది. కానీ కథ అక్కడ ఆగలేదు. 1983లో ఆమె జబ్బుపడితే పిల్లలు సహాయం కోరారు, ఆ ఫోటోను తలుచుకుని దేశం నలుమూలల నుంచి జనం పంపిన సొమ్ము 35,000 డాలర్లు దాటింది. ఆ ఉత్తరాలు చదివాక ఫోటో మీద తమకున్న కోపం కొంత మారిందని పిల్లలు చెప్పారు.

ఇంకొక చిన్న సంగతి, చీకటిగది గారికి నచ్చుతుంది. ఆ నెగటివ్‌లో కింది మూలన గుడారపు కర్రను పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. చూపు చెదురుతోందని లాంగ్ దాన్ని టచింగ్‌లో తీయించారు. ఆమె పనిచేస్తున్న ప్రభుత్వ శాఖలో పైఅధికారికి అది నచ్చలేదు. సాక్ష్యమంటే సాక్ష్యంలాగే ఉండాలన్నది ఆయన పట్టు. నాకైతే ఆ బొటనవేలు ఉన్న ప్రింటే ఇష్టం. వంటింట్లో అన్నీ తోమి బోర్లించాక ఒక గిన్నె ఎంగిలిదిగా మిగిలితే ఆ ఇంట్లో మనుషులున్నారని తెలిసినట్టు.

అందం ఎక్కువైతే బాధ తక్కువవుతుందా అన్న వాదన ఫోటోగ్రాఫర్ సెబాస్టియావో సాల్గాడో విషయంలోనూ చాలా నడిచింది. బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గనిలో 1986లో ఆయన తీసిన ఫోటోలలో బురదలో నిచ్చెనలెక్కుతున్న వేలాదిమంది పురాణపటంలో మనుషుల్లా కనిపిస్తారు. దుఃఖాన్ని ఇంత సొగసుగా చూపితే చూసేవాడు సొగసు దగ్గరే ఆగిపోతాడని 1991లో ఒక అమెరికన్ విమర్శకురాలు గట్టిగా రాసింది. నేను ఆ ఫోటోలు గోడ మీద చూశాను. సొగసు దగ్గర ఆగింది నిజమే. కానీ ఆగబట్టే ముఖాలు ఒక్కొక్కటీ చూశాను.

గోదారిగట్టు:
అందరూ ఏడుపు ఫోటోల గురించే రాస్తున్నారు. కళాఛాయాచిత్రం అంటే ఏడిపించాలనే నియమం ఎక్కడుంది? ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫోటో 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. పచ్చగడ్డి, నది, మళ్ళీ పచ్చగడ్డి, మబ్బు పట్టిన ఆకాశం, అడ్డంగా గీసిన పట్టీల్లా ఉంటాయి, అంతే. అవతలి గట్టున ఉన్న కట్టడాలను కంప్యూటర్‌లో చెరిపేశారు. మా మిత్రులందరూ దాన్ని చూసి నవ్వారు. నేను మాత్రం ధవళేశ్వరం దగ్గర వాన ముందు గోదావరిని చూసినప్పుడు కలిగే ఖాళీతనం అందులో కనిపించి చాలాసేపు చూశాను. మరోవైపు మన సలోన్ పోటీల్లో, అంటే ఫోటో ప్రదర్శనల పోటీల్లో, బహుమతులు కొట్టే ఫోటోలు చూడండి. ముడుతల ముఖం, చుట్ట పొగ, గొర్రెల మంద లేపిన దుమ్ములో సూర్యకిరణాలు, అరకులో కుండ ఎత్తుకున్న అమ్మాయి. అన్నీ ఉద్వేగభరితమే, ఒక్కటీ గుర్తుండదు. ఆ ముసలాయన చుట్టను ఎన్నిసార్లు మళ్ళీ వెలిగించారో అడిగితే తెలుస్తుంది.

నిర్వాహకులు:
సలోన్ పోటీల మీద, వేలం ధరల మీద విడిగా చర్చ ప్రారంభించవలసిందిగా గోదారిగట్టు గారికి మనవి. ఇక్కడ భోపాల్ ఫోటోలకు, వాటికి దగ్గరి సంగతులకు పరిమితమవుదాం.

పాతడెస్కు:
నిర్వాహకుల మాటకు లోబడే, ముసలాయన చేత చుట్ట మళ్ళీ వెలిగించడం కొత్తది కాదని మాత్రం చెప్పాలి. 1876లో మొదలైన ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎట్లా నాశనమయ్యాయో మన పెద్దలు కథలుగా చెప్పుకునేవారు. ఆ కరువు రోజుల్లో మద్రాసు సైన్యంలో అధికారి అయిన విలోబీ వాలెస్ హూపర్ ఎముకల గూళ్ళలాంటి మనుషులను గ్రూపు ఫోటోకు కూర్చోబెట్టినట్టు వరుసగా కూర్చోబెట్టి, పడుకోబెట్టి తీశాడు. పెద్దవాళ్ళు వెనుక, పిల్లలు ముందు. ఆ ఫోటోలు చూస్తే నాకు మొదట ఏడుపు రాదు, కోపం వస్తుంది. కెమెరా అవతల ఉన్నవాడి మీద కోపం. ఇతనే 1886లో బర్మాలోని మాండలేలో ఖైదీలను కాల్చి చంపే క్షణాన్ని పట్టడానికి కెమెరా సిద్ధం చేసుకుని నిలబడ్డాడు, దాని మీద బ్రిటిష్ పార్లమెంటులోనే దుమారం రేగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రసపిపాసి గారి లెక్కలో చూసేవాడు, చూడబడే వస్తువు ఇద్దరే ఉన్నారు. ఫోటోలో మూడో మనిషి ఎప్పుడూ ఉంటాడు. నాటకంలో సూత్రధారుడు తెర ముందుకొచ్చి దండం పెట్టి వెళతాడు, ఫోటోలో ఆ మనిషి కనబడడు, కానీ ఎంత దూరంలో నిలబడ్డాడో, వంగాడో నిటారుగా ఉన్నాడో ఫోటో చెబుతూనే ఉంటుంది. భోపాల్ గోతి మీద ఇద్దరూ బాగా వంగారు. అందుకే ఆ ఇద్దరిలో ఎవరి మీదా నాకు హూపర్ మీద వచ్చిన కోపం రాదు. రంగు తర్వాతి మాట.

రసపిపాసి:
పాతడెస్కు గారు చెప్పిన మూడో మనిషి విషయం నేను విస్మరించాను, అంగీకరిస్తున్నాను. సాగరతీరం గారు చెప్పినది అంతకంటే పెద్ద లోపం. శాస్త్రం రంగస్థలాన్ని ఉద్దేశించి చెప్పినది. నటుడు తెర వెనక్కు వెళ్ళి రంగు కడుక్కుంటాడు. ఆ బిడ్డ కడుక్కోలేదు. కరుణరసం అన్న మాటను ఇక్కడ వాడవచ్చునా అన్నది నేను మళ్ళీ ఆలోచించుకోవాలి. అయితే నలుపు తెలుపు దూరం కల్పిస్తుందన్న మాటను మాత్రం వదులుకోను.

మెట్టవీధి స్టూడియో:
ఖమ్మం దగ్గర మాకు పెళ్ళి ఫోటోల వ్యాపారం. చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను గాని, పెద్ద పేర్లు తెలియక మాట్లాడలేదు. నాకు తెలిసిన శవం ఫోటోల సంగతి చెబుతాను.

మా నాన్న కాలంలో, నా మొదటి పది పదిహేనేళ్ళలో కూడా, పెళ్ళికి పిలిచినట్టే చావుకూ మమ్మల్ని పిలిచేవారు. పోయిన మనిషికి బతికుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేని ఇళ్ళు ఎన్నో ఉండేవి. స్నానం చేయించి, బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ కుటుంబం నిలబడితే ఫోటో తీసేవాళ్ళం. దినం నాటికి ఆ ఫోటోలోంచి ముఖం ఒక్కటే పెద్దది చేసి, దండ వేయడానికి పటం కట్టివ్వాలి. మూసిన కళ్ళతో పటం పెట్టుకోరు కాబట్టి కళ్ళు తెరిపించాలి. సన్న బ్రష్షుతో ప్రింటు మీద కళ్ళు వేయడం మా నాన్న దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి చేయి కుదిరిందంటే అందరికీ అవే కళ్ళు పడతాయి. మా ఊళ్ళో పాతికిళ్ళలో పాతికమంది ముసలివాళ్ళు మా నాన్న వేసిన ఒకే జత కళ్ళతో చూస్తుంటారు.

ఒకసారి నాలుగేళ్ళ పిల్ల పోయింది. ఆ కళ్ళు నేనే వేశాను. పటం తీసుకెళ్ళిన మూడో రోజున తల్లి తిరిగొచ్చి, అన్నా, ఇవి మా పిల్ల కళ్ళు కావు, ముయ్యి అన్నది. ఆమె వెనకాలే బావగారు వచ్చి, కళ్ళు మూసిన పటానికి దండ ఎట్లా వేస్తాం, నలుగురూ వచ్చే ఇల్లు, అట్లాగే ఉండనీ అన్నాడు. కౌంటరు దగ్గర ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి నేను అదే నెగటివ్ నుంచి ఇంకో ప్రింటు ఏమీ దిద్దకుండా వేసి ఇచ్చాను. కళ్ళు తెరిచినది ముందుగదిలో గోడకు పెట్టారు. మూసినది ఆమె పెట్టెలో చీరల కింద పెట్టుకుంది. రెండూ నలుపు తెలుపే.

ఇక్కడ మీరు పెట్టిన భోపాల్ ఫోటోలు రెండూ చూశాను. రంగుల్లో ఉన్నదా, నలుపు తెలుపా అన్నది నాకు రెండోసారి చూసినప్పుడు గాని తట్టలేదు. మొదటిసారి చూసింది కళ్ళే. నా చెయ్యి బ్రష్షు కోసం పోయింది. కానీ తెరవాల్సిన పని లేదు. మూయాల్సిన పని ఉంది, అది మా పనిముట్లతో అయ్యేది కాదు.

సాగరతీరం:
అన్నా, ఆ తల్లి ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉందా? ఆ నెగటివ్ మీ దగ్గర ఉందా?

మెట్టవీధి స్టూడియో:
ఆమె ఉంది చెల్లీ. పోయినేడు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు నన్నే పిలిచింది. ఫోటోలన్నీ రంగుల్లోనే తీయమని ముందే చెప్పింది. నెగటివ్ రేకు డబ్బాలో ఉంది, ఓ మూల బూజు పట్టింది. ఆమె అడిగితే ఇద్దామని ఉంచాను. ఆమె ఇంకా అడగలేదు.

చీకటిగది:
బూజు పెరగకముందే గాలి చొరని డబ్బాలోకి మార్చి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఉంచండి. దూదితో తుడవద్దు, ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పూత, లేచిపోతుంది. అవసరమైతే నా ఎన్‌లార్జరు అటక మీద నుంచి దించుతాను.